విద్యార్థి పత్రికలు – నాటక విమర్శ

కళాశాలలో నాటకమాడిన వారమునకు వెలువడు విద్యార్థి పత్రికను విప్పిచూచినచో గానవచ్చునదేమి? అధ్యక్షులవారి పేరు, వారికి వేసిన పూలదండ, జ్యోతి వెలిగించిన పెద్దల వరుస, తుదకు పాత్రధారులెల్లరును తమ పాత్రలకు న్యాయము చేకూర్చిరను నొక్క వాక్యము. ఏ న్యాయము? ఎట్లు చేకూర్చిరి? దినమెల్ల న్యాయస్థానమున గడపు మాకు సాక్ష్యము లేని తీర్పు రుచింపదు.

ఇట్టి వ్రాతలు మరి యే సీమలోనైన నుండుగాక, మన సీమలో నుండదగవు. గుంతకల్లులో బండి యెక్కినచో సుమారు 50 కిలోమీటర్ల దూరమున బళ్లారి. 1953లో నది మైసూరు రాష్ట్రమున జేరిపోయినను, తెలుగు నాటకమును పెంచి పోషించిన పట్టణమది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912), కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) ఉభయులును వకీళ్లే. ఒకరిది సరసవినోదినీ సభ, మరియొకరిది సుమనోరమ సభ. నడుమ పోటీకి లోటు లేదు. సంస్కృత సంప్రదాయము కాదనినను ఆచార్యులవారు సారంగధరుని కథను విషాదాంతముగనే నడపిరి. ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవ (1880–1946), వృత్తిచే తానును న్యాయవాదియే; రాగములు సాగదీసి చప్పట్లు కొట్టించుకొను పద్ధతిని త్రోసిపుచ్చి భావమునకే పెద్దపీట వేసెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. చూచెడివారికి నచ్చినదెల్ల మంచిదని తలవంచియుండినచో నీ మార్పులు వచ్చియుండెడివా?

ఈ విషయమున మా తప్పును ముందుగా నొప్పుకొనవలెను. చదువుకొను దినములలో మిత్రుడొకడు కథానాయకుడుగా నటించిన నాటకమును మేము సమీక్షించితిమి. వాని మాట మూడవ వరుస దాటి వినబడలేదు. మేము మాత్రము కంఠము గంభీరమని వ్రాసితిమి. మరుసటి యేడును వాడట్లే గొణిగెను. ఈ పర్యాయము జనము ఈలలు వేసిరి. ఆ యీలలలో సగము మాకు రావలసినవి.

క్రొత్తగా రంగమెక్కిన పిల్లలను నొప్పింపరాదని కొందరుపాధ్యాయులందురు. వ్రాయువాడును క్రొత్తవాడే గదా! ఇరువురును కలిసి నేర్చుకొందురు. కాని నేటి యువకులలో కొందరికి దూషణయే విమర్శయను భ్రమ గలదు. నటించిన బాలిక పలుకును, నడకను, పాత్రను గ్రహించిన తీరును విడిచి యామె రూపమును గూర్చి వ్రాయుట మరింత నీచము. రాఘవ కోరినది అందులకా?

అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో ఏర్పడినది. అచ్చటను, చుట్టుపట్ల కళాశాలలలోను చదువు మన పిల్లలకు మేము చెప్పునది స్వల్పము. కడపటి వరుసలో గూర్చుండి తెర పడువరకు చూడుడు. బాగున్నదన్నను, బాగులేదన్నను ఏ రంగమున, ఏ మాటయొద్ద ననునది చూపుడు. మీరు వేషము వేసిన నాటకమును, మీ గదిలోనివాడు వేసినదానిని మరియొకరికి విడువుడు. వ్రాతను అచ్చునకు ముందు నాటక సంఘ కార్యదర్శికి చూపవలదు.

కళాశాల పత్రిక ప్రకటింప వెనుదీసిన సమీక్షకు మా పత్రికలో అర కాలము స్థలమిత్తుము. సంఘమువారి ప్రత్యుత్తరమును మరు వారమున నంతే స్థలములో, అక్షరము మార్పక ప్రకటింతుము.