మీ పాటే తీసుకెళ్లండి

"ఏం పాట పెట్టమంటారు?" రిచీ స్ట్రీట్‌లో ఖరీదైన హెడ్‌ఫోన్స్ చూపిస్తూ షాపు అన్న తమిళంలో అడిగాడు. మా ఇంట్లో అమ్మతో తమిళం, నాన్నతో తెలుగు. నేను రోజూ వినేది మాత్రం నాన్నమ్మ అలవాటు చేసిన ఘంటసాల. అది చెప్పడానికి సిగ్గేసి ఏదో ఇంగ్లీషు పాట పేరు చెప్పాను. డ్రమ్స్ అదిరిపోయాయి! ఏడాదిగా ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బులు తీయబోయి, ఎందుకో ఆగి, 'మాయాబజార్' పాట పెట్టి చూశాను. బేస్ పెంచి చేసిన ఆ సెట్‌లో గొంతు వెనక్కి పోయింది, వాయిద్యాలు బిందెలో మోగినట్టున్నాయి.

1957 నాటి ఆ పాట మోనో రికార్డింగు. రెండు చెవులకూ ఒకటే శబ్దం. దానికి గొంతు తేటగా పలికే సెట్ కావాలి.

అందుకు చాలామంది మెచ్చుకునేది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. కానీ అది ఓపెన్-బ్యాక్: లోపలి పాట బయటికి, బయటి మోత లోపలికి వస్తాయి. రోజూ బస్సులో కాలేజీకొచ్చే నాకు అదెందుకు? పైగా ఇంపిడెన్స్ 300 ఓమ్‌లు. మామూలు ఫోన్‌తో గట్టిగా పలకదు, యాంప్లిఫయర్ వేరే కొనాలి.

చివరికి తక్కువ ధరలో, గొంతు బాగా వినిపించే క్లోజ్డ్-బ్యాక్ ఒకటి తీసుకున్నా. ధర ఎక్కువున్నదల్లా మన చెవికి నచ్చాలని లేదు. అందుకే చెప్తున్నా, కొనడానికి వెళ్లేటప్పుడు మీరు నిజంగా వినే పాటే తీసుకెళ్లండి. దాని పేరు చెప్పడానికి సిగ్గుపడకండి. ఆ రెండు నిమిషాల సిగ్గుకి నా ఏడాది సంపాదన పోయేదే!