అటక మీది పెళ్ళి కేసెట్టు

మీ అన్నయ్యో అక్కయ్యో అమెరికాకు ప్రయాణమైతే పెట్టెలో ఆవకాయ తప్పక సర్దుతారు. ఇంట్లో వున్న వీడియో కేసెట్టు సంగతి ఎవరికైనా గుర్తుంటుందా?

మా అక్కయ్య పెళ్ళి 1991లో తెనాలిలో జరిగింది. ఆ కేసెట్టును ఆమె అమెరికా తీసుకుపోయింది. అక్కడి యంత్రంలో పెడితే బొమ్మే రాలేదు! తప్పు కేసెట్టుదీ కాదు, యంత్రానిదీ కాదు. మన పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 525 గీతలు, దాదాపు 30 బొమ్మలు. కేసెట్టు తిరిగివచ్చి రేపల్లెలో మా అటకెక్కింది.

టేపంటే ఏమిటి? ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. బాపట్ల, రేపల్లెల సముద్రపు గాలిలో తేమ ఎక్కువ గదా! తేమకు జిగురు చెడుతుంది, బూజు పడుతుంది. మొన్న వేసి చూస్తే నాన్నగారు మాట్లాడేచోట అన్నీ చారలే. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ టేపులోనే.

అందుకే చెబుతున్నాను, ఆలస్యం చేయకుండా డిజిటల్‌లోకి మార్పించండి. వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, 2016లో తయారీ ఆపేసింది. టేపు నుంచి టేపుకు ఎక్కిస్తే ప్రతిసారీ బొమ్మ మసకబారేది. సున్నాలు, ఒకట్లుగా మారిన బొమ్మకు ఎన్ని నకళ్ళు తీసినా ఆ బాధ లేదు. (వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి, అది బొమ్మను కుదిస్తుంది.) ఒక నకలు విదేశానికి పంపి, ఒకటి ఇంట్లో, ఇంకొకటి బంధువుల ఇంట వుంచండి. హార్డ్‌డిస్కూ కిందపడితే పాడయ్యేదే. అసలు కేసెట్టును మాత్రం పారేయవద్దు.

చూసేటప్పుడు అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరెవరో పేర్లు రాసుకోండి. మా కేసెట్టులో పందిరి రాట పక్కన తలపాగాతో ఒక పెద్దాయన నిలబడి వున్నారు. ఆయనెవరో చెప్పగలవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.