వాల్వ్ స్ప్రింగులూ, నాలుగడుగుల తాడూ

మా పాత ట్రక్కు పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వదలడం మొదలెట్టి ఏడాది దాటింది. 1997 షెవీ పికప్పు, 5.7 లీటర్ల వీ8. రెండు నిమిషాలు పొగ, ఆ తర్వాత అంతా మామూలే. రాత్రంతా నిలబెట్టినప్పుడు హెడ్డులో మిగిలిన ఆయిలు, గట్టిపడిపోయిన వాల్వ్ సీళ్ళ సందులోంచి కిందికి దిగుతుంది. పొద్దున్న అదే కాలుతుందన్నమాట. సీళ్ళ ఖరీదు పాతిక డాలర్ల లోపే. కానీ సీలు మార్చాలంటే దాని మీదున్న స్ప్రింగు తియ్యాలి. ఎలాగూ తీస్తున్నాం కదా, పాతికేళ్ళు పైబడి ఎగిరిన స్ప్రింగుల్ని మళ్ళీ పెట్టడమెందుకు, అవీ మార్చేద్దాం అనుకున్నా. (ఈ "ఎలాగూ" అన్న మాటే ఆఫీసులో కూడా మా ప్రాజెక్టులన్నిటినీ ముంచేది.) షాపువాడు కూలీయే వెయ్యి డాలర్లు దాటుతుందన్నాడు. బండి మొత్తం అమ్మినా రెండు వేలు రావు.

సరే, మనమే చేద్దాం అని దిగాక అందరూ అడిగే ప్రశ్న నేనూ అడిగా: ఏ స్ప్రింగ్ కంప్రెసర్ కొనాలి? ఇప్పుడు పదహారు స్ప్రింగులూ మార్చాక నాకర్థమైందేమిటంటే, అది రెండో ప్రశ్న. స్ప్రింగు తీసేశాక వాల్వుని పైన పట్టుకునేది ఏమిటి అన్నది మొదటి ప్రశ్న.

హెడ్డు విప్పి బల్ల మీద పెట్టుకుంటే ఈ బాధ లేదు. సీ ఆకారంలో ఉండే క్లాంపు ఒకటి చాలు. ఒక కొస వాల్వు మొహానికీ, ఇంకో కొస స్ప్రింగు మీది టోపీకీ ఆనించి బిగిస్తే పని అయిపోతుంది. హెడ్డు ఇంజను మీదే ఉంచి చేస్తేనే చిక్కు. స్ప్రింగు పోతే వాల్వుని ఆపేది ఏదీ ఉండదు. పిస్టన్ పైనుంటే దాని మీద కూర్చుంటుంది, కిందుంటే సిలిండర్లోకి జారిపోతుంది. అప్పుడు హెడ్డు విప్పక తప్పదు. నడుస్తున్న సర్వర్లో ఫైళ్ళు మార్చడం లాంటిదే ఇదీ, వెనక్కి వెళ్ళే దారి ముందే చూసుకోవాలి.

దారులు రెండు. ఒకటి, స్పార్క్ ప్లగ్గు రంధ్రంలో అడాప్టర్ బిగించి కంప్రెసర్ గాలి పెట్టడం. ఎనభై నుంచి వంద పీఎస్సై గాలి వాల్వుని పైకి అదిమి ఉంచుతుంది. షాపుల్లో ఎక్కువగా ఇదే చేస్తారు, తొందరగా అవుతుంది. రెండోది, అదే రంధ్రంలోంచి నైలాన్ తాడు దూర్చి, పిస్టన్ని చేత్తో పైకి తిప్పి, తాడుతోనే వాల్వుని నొక్కి పట్టడం.

ఇంట్లో చేసేవాడికి తాడే మంచిదని నా గట్టి అభిప్రాయం. మా ఆఫీసు మిత్రుడొకాయన ఇది విని నవ్వాడు, "ఇంకా ఎడ్లబండి కాలంలో ఉన్నావా" అని. ఆయన గ్యారేజీలో పెద్ద కంప్రెసరుంది లెండి. కానీ గాలి పెట్టేటప్పుడు పిస్టన్ సరిగ్గా పైకొసన లేకపోతే ఆ గాలి క్రాంకుని తిప్పేస్తుంది. క్రాంకు బోల్టుకి పొడుగు పానా తగిలించి మర్చిపోయారా, అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. కరెంటు పోయినా, గొట్టం ఊడినా గాలి పోతుంది. తాడు ఎక్కడికీ పోదు. మధ్యలో భోజనానికెళ్ళి రావచ్చు, మర్నాడు మొదలెట్టొచ్చు.

తాడుకీ పద్ధతుంది. నూలుది వద్దు, పీచు లోపల ఉండిపోతుంది. లోపలికి పెట్టే కొస చిరగకుండా కాల్చాలి, బయట కొసకి ముడి వెయ్యాలి. ముందు ఆ సిలిండర్ రాకర్లు రెండూ తీసెయ్యాలి, అప్పుడు రెండు వాల్వులూ మూసుకునే ఉంటాయి. వాల్వు తెరిచి ఉండగా తాడు దూర్చి తిప్పితే వాల్వు వంగిపోతుంది, ఈ ఒక్కటీ మర్చిపోకండి. పిస్టన్ పైకొసకి ఇంకా దూరంగా ఉండగా నాలుగైదడుగులు దూర్చి, ఆగేదాకా చేత్తో మెల్లగా తిప్పాలి, స్టార్టర్‌తో కాదు. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2 ప్రకారం వెళ్తే ఒక్కో సిలిండర్‌కీ క్రాంకు పావు చుట్టు తిప్పితే చాలు. నేనేమో తెలివిగా 1, 2, 3 అని వరసగా మొదలెట్టి సగం పొద్దు తిప్పడంతోనే గడిపా.

ఇక కంప్రెసర్ సంగతి. మొదట చవగ్గా దొరికింది కదా అని రెండు కొక్కేలతో స్ప్రింగు చుట్లనే పట్టుకుని బిగించే రకం కొన్నా. మూసి ఉన్నప్పుడే ఈ స్ప్రింగు దాదాపు ఎనభై పౌండ్ల బలంతో తంతుంది, నొక్కితే ఇంకా ఎక్కువ. రెండో స్ప్రింగు దగ్గర కొక్కెం జారింది. వాల్వ్ లాకు ముక్క ఒకటి (మన మెకానిక్కులు కాటర్ అంటారు, గోరంత కూడా ఉండదు) ఎగిరొచ్చి కళ్ళద్దాలకి తగిలింది. అద్దాలు పెట్టుకోమని పోరింది మా ఆవిడ. లేకపోతే ఈ టపా ఒంటి కన్నుతో రాసేవాణ్ణి. ఆ కొక్కేల సామాను చెత్తబుట్టలోకి పోయింది. ఎవరికైనా ఇచ్చేద్దామన్నా మనసొప్పలేదు.

తర్వాత రాకర్ స్టడ్డుకే నట్టుతో బిగించి, గడకర్రలా కిందికి నొక్కే రకం తెచ్చా. కొనలేదు, ఇక్కడ విడిభాగాల కొట్లలో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, తిరిగిచ్చేస్తే మొత్తం డబ్బు వెనక్కే. జీవితంలో ఒక్కసారి చేసే పనికి అరువు తెచ్చుకోవడంలో నామోషీ ఏముంది? కాకపోతే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లలో ఇలాంటి స్టడ్డు ఉండదు, వాటి పనిముట్టు వేరు. ఇంజను చూసుకునే టూల్ తెచ్చుకోవాలి.

నొక్కే ముందు టోపీ మీద సాకెట్ పెట్టి ప్లాస్టిక్ సుత్తితో ఒక్కటి తట్టాలి, అంటుకుపోయిన లాకులు వదులవుతాయి. బెజవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడు ఒక మేస్త్రీ ఇదే చెయ్యడం చూశా, ఊరికే కొడుతున్నాడనుకున్నా! హెడ్డులో ఆయిలు కిందికి దిగే రంధ్రాలన్నిటికీ గుడ్డలు కుక్కాలి. నేను ఒకటి మర్చిపోయా, లాకు ముక్క సరిగ్గా అందులోకే పోయింది. అయస్కాంతం కట్టిన కడ్డీతో గంటన్నర వెతికితే దొరికింది. తిరిగి బిగించేటప్పుడు లాకులకి కాస్త గ్రీజు రాస్తే వాల్వుకి అతుక్కుని నిలబడతాయి.

వెనక 7, 8 సిలిండర్ల దగ్గర చెయ్యి దూరదు. ఆ నాలుగు స్ప్రింగులకీ ఒక ఆదివారం మొత్తం పట్టింది, అక్కడ మాత్రం షాపువాడి వెయ్యి డాలర్లు న్యాయమే అనిపించింది. మొత్తం మూడు వారాంతాలు.

పొగ ఆగింది. తాడు గ్యారేజీలో మేకుకి వేలాడుతోంది. బట్టలారెయ్యడానికి పనికొస్తుందేమోనని మా ఆవిడ నిన్న వాసన చూసి, చూసిన చోటే వదిలేసింది.