ఫోన్ తడిస్తే పత్తి ఆగాలా?



పోయిన వానాకాలం పత్తికి మందు కొడుతుంటే ఒక్కసారిగా వాన పట్టుకుంది. గట్టుకు చేరేలోపే చొక్కా జేబులో ఫోన్ నానిపోయింది. పాలిథిన్ సంచిలో చుట్టే పెట్టాను, అయినా నీళ్లు దిగాయి. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టినా లేవలేదు. కొత్త ఫోన్ కొని, పాత నంబరు మీదే సిమ్ తీసుకునేదాకా ఓటీపీ లేదు. ఓటీపీ లేక ఏ పనీ కాలేదు.

అందుకే ఈసారి వానలకు ముందే నీళ్లు చొరని గట్టి కవర్ ఒకటి ఏడు వందలకు కొన్నాను. దాని మీద ఐపీ 68 అని ఉంది. మొదటి అంకె 6 అంటే దుమ్ము చొరదని. రెండో అంకె 7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగాలి. 8 అయితే అంతకు మించి ఆగాలి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే రాయాలి, అది చూసి కొనండి.

రాసింది నమ్మి వెంటనే ఫోన్ పెట్టలేదు. ఖాళీ కవర్‌లో పొడి కాగితం పెట్టి, రాయి కట్టి, పశువుల తొట్టిలో అరగంట ముంచాను. కాగితం తడవలేదు. నడుమెత్తు నుంచి మూడుసార్లు నేల మీద పడేసి మళ్లీ ముంచాను. అప్పుడూ పొడిగానే ఉంది. ఆ తర్వాతే ఫోన్ పెట్టాను. మీరు కొన్నా ఇట్లే చూసుకోండి.

లోపాలూ ఉన్నాయి. చేయి తడిగా ఉంటే తెర సరిగ్గా పని చేయదు. ఎండలో ఫోన్ కాగుతుంది. చార్జింగ్ మూత దగ్గర నల్లరేగడి మట్టి పడితే మూత కూర్చోదు, నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. ఐపీ పరీక్ష చేసేది మంచినీళ్లతో. పురుగుమందుకు, యూరియా నీళ్లకు ఆ హామీ లేదు. మందు పడితే వెంటనే కడగాలి.

కవర్ మంచిదే. అసలు బాధ వేరే ఉంది. 2025లో సీసీఐ కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది దక్కాలంటే ముందు యాప్‌లో స్లాట్ పట్టాలి, యాప్‌లోకి పోవాలంటే ఫోన్‌కు ఓటీపీ రావాలి. తేమ 12 శాతం దాటితే పత్తి కొనరని మనకు తెలుసు, ఆరబెట్టుకుంటాం. ఇప్పుడు పత్తితో పాటు ఫోన్ కూడా ఆరి ఉండాలన్నమాట!

మా నారాయణఖేడ్ తండాల్లో ఇంటికి ఒక్క ఫోన్ ఉంటే, అది పనికి పోయిన కొడుకుతో హైదరాబాద్‌లో ఉంటుంది. ఆ ఇంటి పత్తికి ఏ కవర్ అడ్డం పడుతుంది?

పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ లేకున్నా సీఎస్‌సీ సెంటర్‌లో వేలిముద్ర వేసే దారి ఉంది. పత్తికీ ఆ దారి కావాలి. పాసుపుస్తకం, ఆధార్ చూపిస్తే రైతు వేదికలోనే స్లాట్ రాసివ్వాలి. పత్తి ఏరుడు మొదలుకాకముందే ప్రతి మండలంలో మన సంఘం ఈ మాట మీద వినతిపత్రం ఇవ్వాలి. ఫోన్‌ను కాపాడుకునే బాధ్యత మనది. ఫోన్ లేని రైతు పంట కొనే బాధ్యత సర్కారుది.