పెట్రోలు బంకు దాకా ప్రయాణం

ఆడి అమావాస్య నాడు వత్రాప్‌లో ఏ పనీ పెట్టుకోకూడదని మా పెద్దలు చెబుతూ వచ్చారు. చతురగిరి కొండకు పోయే యాత్రికులతో బజారంతా నిండిపోతుంది. అరుగు మీద కూర్చుని వచ్చే పోయే వారికి మజ్జిగ పోయడం తప్ప ఆ రోజు మరొక పని సాగదు. మూడేళ్ల క్రిందట అటువంటి నాడే మా తమ్ముని కొడుకు రాజపాళయం నుండి మోటారు సైకిలు మీద ఆ జనంలో దారి చేసుకుంటూ వచ్చి, మజ్జిగ అయినా పుచ్చుకోకుండా, చేతిలోని ఫోను మా ముఖం ముందు పెట్టాడు.

"పెద్దనాయనా, దీన్ని చూడండి. కొనాలని ఉంది."

చూశాము. కొబ్బరాకుల పాక క్రింద ఒక చిన్న కారు. పొడుగాటి ముక్కు, రెండు పెద్ద దీపాలు, సైకిలుకు ఉన్నట్టు ఊచల చక్రాలు. పైన కప్పు లేదు. సీటులో ఒక కోడి పొదిగి కూర్చున్నది.

"బేరం కోడితో కలిపేనా?" అన్నాము.

వాడు నవ్వలేదు. ధర చెప్పాడు. కొబ్బరితోటలో తన వాటాకు రాగల అర ఎకరం అమ్మితే సరిపోతుందట. తోట ఇంకా పంపకం కాలేదు గనుక మా సంతకం కూడా కావాలట. లోపలినుండి ఇదంతా వింటున్న మా ఇంటావిడ గుమ్మంలోకి వచ్చింది.

"కొబ్బరిచెట్టుకు నీళ్లు పోస్తే కాయ ఇస్తుంది. దానికి పెట్రోలు పోస్తే ఏమిస్తుంది నాయనా?"

ఆ ప్రశ్నకు ఆనాడు వాని దగ్గరా జవాబు లేదు, మా దగ్గరా లేదు. ఈ నెల మేము వ్రాసేది ఆ జవాబు కోసమే.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. దాని పేరు ఎం.జి. టి.సి. 2019 నుండి గుజరాతులోని హాలోల్‌లో తయారై మన రోడ్ల మీద తిరుగుతున్న ఎం.జి. కార్లకూ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఎం.జి. అంటే మారిస్ గరాజెస్. ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊళ్లో వారి కార్ఖానా ఉండేది. 1980 లో మూతబడింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 లోనే ఈ టి.సి. రకం మొదలుపెట్టి, 1949 దాకా సుమారు 10,000 కార్లు చేశారు. ఇంజను 1250 సి.సి., బలం 54 గుర్రాలు. నేటి చిన్న కారుకు కూడా ఇంతకంటే బలం ఉంటుంది. అయినా ఇద్దరు మాత్రమే కూర్చునే తేలిక బండి గనుక ఆ రోజుల్లో కుర్రవాళ్లు దీని వెంట పడ్డారు. కుడివైపు స్టీరింగుతో తప్ప చేయకపోయినా అమెరికావారు దాదాపు 2,000 కార్లు తెప్పించుకున్నారు.

ఇదంతా మావాడు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. చదివినది ఎక్కువే. చేసినది ఏమైనా ఉన్నదా అంటే సమాధానం లేదు. అప్పుడు మాకు జి.డి. నాయుడు గారు జ్ఞాపకం వచ్చారు.

నాయుడు గారి పేరు మన సంఘంలో తెలియని ఇల్లు లేదు. 1893 లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో, ఇంట తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఆయనకు అంటలేదు. ఒకనాడు ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిలు మీద పోవడం చూసి, ఆ బండి మీద మనసు పడ్డారు. కోయంబత్తూరు వెళ్లి హోటలులో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి, ఆ బండిని 300 రూపాయలకు కొన్నారని ఆయన జీవితకథ చెప్పేవారంతా చెబుతారు. మనమైతే ఏం చేస్తాం? ఊరంతా తిరిగివస్తాం. ఆయన ఇంటికి తెచ్చి ఆ బండిని మర మరా విప్పారు. విప్పి, మళ్లీ బిగించారు. తరువాత 1920 లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళనిల మధ్య సర్వీసు మొదలుపెట్టి యూనివర్సల్ మోటార్ సర్వీసును నిలబెట్టారు. 1974 లో కన్నుమూశారు. 2015 లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన కుటుంబంవారు పాత కార్ల ప్రదర్శనశాల తెరిచారు. పిల్లలతో ఆ ఊరు పోయేవారు తప్పక చూడవలసినది.

మేము మావాడితో అన్నాము: "నాయుడు గారు కొన్న రడ్జ్ బండి తయారైనది ఇంగ్లండులోని కావెంట్రీ పట్నంలో. నీవు కొంటానంటున్న కారు ఇంజను తయారైనదీ ఆ ఊళ్లోనే. కనుక షరతు కూడా అదే. మన దొడ్లో మీ తాతగారి ఆయిల్ ఇంజను తుప్పుపట్టి పడివున్నది. విప్పి, బిగించి, బావి నీళ్లు పైకి తెప్పించు. ఆ నాడు సంతకం పెడతాము."

కరెంటు మోటారు వచ్చిన నాటినుండి ఆ ఇంజను పలకలేదు. పిస్టను పట్టేసింది. వాడు ప్రతి ఆదివారం వచ్చి కిరసనాయిలు పోసి నానబెట్టి, కొయ్య దిమ్మెతో మెల్లగా తట్టి, నాలుగవ వారానికి పిస్టనును బయటికి తీశాడు. మొదటిసారి బిగించినప్పుడు రెండు వాషర్లు మిగిలాయి. మా ఇంటావిడ వాటిని దాచిపెట్టి ఇంటికి వచ్చినవారికల్లా చూపించింది. రెండవసారి బిగిస్తే పొగ మాత్రం వచ్చింది. మూడవసారి, రెండు నెలల తరువాత, ఇంజను దగ్గి, తుమ్మి, నడిచింది. కాలువలోకి నీళ్లు పడుతూవుంటే, మా నాన్నగారు బ్రతికివున్న రోజుల్లో విన్న ఆ చప్పుడు వినడానికి ప్రక్కతోటవాళ్లు కూడా వచ్చారు.

మేము కలం తీసుకుని, "కాగితం తే, మాట ఇచ్చాము గదా" అన్నాము.

వాడు చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ, "వద్దు పెద్దనాయనా. తోట అమ్మితే కారు వస్తుంది. ఆ తరువాత దాన్ని బాగుచేయడానికి ఏమి అమ్మాలి?" అన్నాడు.

ఆ మాట విన్న తరువాతనే మేము కారు చూడడానికి బయలుదేరాము. మా ఊరి ఆచారినీ, కోవిల్‌పట్టిలో లేతు షాపు పెట్టుకున్న టర్నరునూ వెంట తీసుకుపోయాము. పాత కారు కొనదలచినవారికి పనికివస్తుందని, అక్కడ వారు చూసిన పద్ధతి వ్రాస్తున్నాము.

మొదట నంబరు. టి.సి. కార్ల చట్రం నంబర్లు 0251 తో మొదలవుతాయి. కార్ఖానావారి టెలిఫోను నంబరు 251. అందుకే అక్కడ మొదలుపెట్టారు. చట్రం మీద కొట్టిన నంబరూ, రేకు మీది నంబరూ, ఆర్.సి. పుస్తకంలోని నంబరూ మూడూ కలవాలి. కలవకపోతే కాఫీ త్రాగి తిరిగి వచ్చేయాలి. మాకు కలిశాయి.

రెండవది కొయ్య. ఈ కారు బాడీకి లోపల ఉన్నది యాష్ అనే ఇంగ్లీషు కలపతో చేసిన చట్రం. దాని మీద రేకు తొడిగారు. రేకు మెరుస్తూ ఉండవచ్చు, లోపల కొయ్య పుచ్చి ఉండవచ్చు. ఆచారి తలుపు తెరిచి చేత్తో పైకి ఎత్తి చూశాడు. తలుపుతోపాటు గుంజ కూడా కదిలింది. ఉలి మొన ఆనిస్తే తడిసిన బెల్లంలోకి దిగినట్టు దిగింది. క్రింది ఇనుప చట్రం మాత్రం నాలుగు మూలలకూ త్రాడు పట్టి కొలిస్తే వంకర లేదు.

మూడవది బోల్టులు. ఇక్కడ టర్నరు తల పట్టుకున్నాడు. ఈ ఇంజను వంశం ఒక ఫ్రెంచి కంపెనీవారి కావెంట్రీ కార్ఖానాది. మారిస్‌వారు 1923 లో దాన్ని కొన్నారు. అందువల్ల ఇంజను బోల్టుల మరలు మిల్లీమీటరు లెక్కవి, తలలు ఇంగ్లీషు విట్‌వర్త్ లెక్కవి. మన కొట్లలో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టుకు మరచుట్ల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, దీనికి 1 మిల్లీమీటరు. సంగతి తెలియక ఎవరో లోగడ కొట్టు బోల్టులనే బలవంతాన దిగగొట్టారు. నాలుగు చోట్ల మర చెడింది.

నాలుగవది కరెంటు. మన కార్లకు బ్యాటరీ మైనస్ తీగ బాడీకి కలుపుతారు. దీనికి ప్లస్ తీగ కలపాలి. అది కూడా ఎవరో తిరగవేశారు.

కారు యజమాని ఒక వృద్ధురాలు. కారు ఆమె భర్తది. కనబడిన లోపాలన్నీ దాచకుండా ఆమె ముందు చెప్పాము. ఆమె కొంతసేపు ఊరుకుని, అడిగిన ధరలో సగానికి కొంచెం పైన ఒప్పుకున్నారు. "ముక్కలు చేసి అమ్మకండి. నడిచిన రోజు ఒకసారి తీసుకువచ్చి చూపించండి" అన్నారు. మావాడు తాను దాచుకున్న డబ్బుకు చీటీ పాట డబ్బు చేర్చి ఇచ్చాడు. కోడిని అక్కడే వదలి, కారును లారీ మీద వత్రాప్‌కు తెచ్చాము.

తరువాత రెండేళ్లు మా దొడ్డి దొడ్డిగా లేదు. పుచ్చిన కొయ్యను పారవేయవద్దని ఆచారి మొదటే చెప్పాడు. అదే కొత్తదానికి కొలత. ఒక్కొక్క ముక్కను పాత టేకు మీద పెట్టి గీసి, కోసి, అతికాడు. ఆయన కొడుకు ఈ పనిలోకి రాలేదు. సెల్‌ఫోను కొట్లో చేరదలచుకున్న మనమడు మాత్రం సెలవుల్లో వచ్చి, త్రాడు పట్టుకోవడానికి నిలబడి, తరువాత ఉలి పట్టుకున్నాడు. టర్నరు చెడిన మరలకు ఇత్తడి బుషులు వేసి, బోల్టులు ఒకటొకటిగా లేతు మీద తీశాడు. రబ్బరు సామాను, దీపాల అద్దాలు ఇంగ్లండు నుండి తెప్పించవలసి వచ్చింది. ఈ కార్లకు అక్కడ నేటికీ కొత్త భాగాలు చేస్తున్నారు. కస్టమ్సు సుంకం చీటీ చూసి మావాడు ఆ రాత్రి భోజనం చేయలేదు. లెక్క వేస్తే కొన్న ధర కంటే బాగుచేసిన ఖర్చు ఎక్కువయింది. ఈ మాట దాచితే పాఠకులకు ద్రోహం చేసినట్టే.

ఇంకొక హెచ్చరిక. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో నూటికి 20 వంతుల దాకా ఇథనాలు ఉంటున్నది. పాత రబ్బరు గొట్టాలనూ, కార్బొరేటరులోని బెండు బిళ్లలనూ అది పాడుచేస్తుంది. గాలిలో తేమ పీల్చి టాంకులో తుప్పు తెస్తుంది. గొట్టాలన్నీ దానికి ఓర్చే రకంవి వేయించాలి. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు టాంకు ఖాళీ చేయాలి.

కాగితాల సంగతి సులభమైనది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు ప్రత్యేక నియమాలు చేసింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి వింటేజ్ రిజిస్ట్రేషను ఇస్తారు. కొత్తగా చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తరువాత 5,000. కొత్త నంబరులో వి.ఏ. అనే అక్షరాలు ఉంటాయి. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే దాన్ని రోజూ తిప్పకూడదు, బాడుగకు పెట్టకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి.

అందుచేత మా ఇంటివారందరికీ ఇప్పుడు పెట్రోలు బంకు ఒక యాత్రాస్థలం అయింది. రెండే సీట్లు, తొమ్మిదిమందిమి వంతులు వేసుకున్నాము. మొదటి వంతు మాత్రం ఇంటివారిది కాదు. మరమ్మతు సరిగా ఉన్నదీ లేనిదీ చూడాలి గదా అని కోవిల్‌పట్టి టర్నరు దగ్గరికి నడిపించుకు పోయి, దారిలో ఆ వృద్ధురాలి ఇంటి ముందు ఆపాము. ఆమె ఎక్కి కూర్చుని, తలుపు వేసుకున్నారు. మళ్లీ తెరిచి వేశారు. గుంజ కదలలేదు. "ఈ తలుపు నేను కాపురానికి వచ్చిన నాటినుండి ఇంత బాగా పడలేదు" అన్నారు. బండి ఆ వీధి చివరిదాకా పోయి వచ్చేవరకు ఇంకొక మాట అనలేదు.

ఆచారి మనమడు సెల్‌ఫోను కొట్లో చేరలేదు. కోవిల్‌పట్టి టర్నరు దగ్గర లేతు పని నేర్చుకుంటున్నాడు, సాయంత్రం తాత దగ్గర కొయ్యపని. ఆ సంగతి తెలిసిన నాడు మా ఇంటావిడ దాచిన రెండు వాషర్లు తీసి మావాడి చేతిలో పెట్టింది. "సరేలే, ఇది కూడా ఒక కాపే" అన్నది. తరువాత, పెట్రోలు బంకుకు తన వంతు ఎప్పుడని అడిగింది.

మీ దొడ్లోనో పాకలోనో ఇటువంటి పాత బండి గాని, ఇంజను గాని పడివుంటే, పాత ఇనుము తూకానికి వేసే ముందు ఒక్క ఆదివారం దాని దగ్గర కూర్చోండి. ఇంట్లో కుర్రవాడుంటే ఒక స్పానరు చేతికివ్వండి. తోట మాత్రం అమ్మకండి.