పాత ప్రొజెక్టరును పారవేయకండి



మన గ్రామ సంఘాలలో పలుచోట్ల ఒక పాత ప్రొజెక్టరు ఉన్నది. సంఘస్థుల కానుకలతో కొన్నది. కీర్తనల మాటలు గోడమీద పెద్ద అక్షరాలతో కనబడితే చూపు తగ్గిన పెద్దలు సహితం నోరారా పాడుతారు. వి.బి.ఎస్. పిల్లలు బొమ్మలు చూస్తూ బైబిలు కథలు నేర్చుకుంటారు. అయితే సంఘానికి కొత్త లాప్‌టాప్ వచ్చాక దాని వైరు ఈ ప్రొజెక్టరుకు పట్టదు. వెంటనే "ఇది పనికిరాదు, కొత్తది కొందాం" అనే మాట కమిటీలో వస్తుంది. ఆ తీర్మానం చేయకముందు ఈ సంగతులు గమనించండి.

చాలాసార్లు ప్రొజెక్టరు చెడిపోలేదు, రెండింటి భాష వేరు, అంతే. ప్రొజెక్టరు వెనుక మూడు వరుసలలో 15 రంధ్రాలున్న సాకెట్‌ను వి.జి.ఎ. అంటారు. దీనిని 1987లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చింది. అందులో బొమ్మ విద్యుత్తు హెచ్చుతగ్గుల రూపంలో వెళ్తుంది. నేటి లాప్‌టాప్‌లలోని హెచ్.డి.ఎం.ఐ.లో అదే బొమ్మ అంకెల రూపంలో వెళ్తుంది. 2015 నాటికి వి.జి.ఎ.ను విడిచిపెడతామని ఇంటెల్, ఎ.ఎం.డి. కంపెనీలు 2010లోనే ప్రకటించాయి.

ఇంగ్లీషు ప్రసంగానికి ప్రక్కన నిలబడి తర్జుమా చేసేవారు కావాలి కదా! ఇక్కడ ఆ పని చేసేది ఎడాప్టరు. కొత్త ప్రొజెక్టరుకు వేలు కావాలి. దీనికి కొన్ని వందల రూపాయలు చాలు.

కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

1. ఇది ఒకవైపే తర్జుమా చేస్తుంది. "హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఎ.కు" అని అడగండి. తిరుగుడుది తెస్తే పనిచేయదు.

2. లోపల బొమ్మను మార్చే చిప్ ఉండాలి. రెండు కొసలకు రెండు ప్లగ్గులు పెట్టిన ఉత్త వైరు చాలదు.

3. వి.జి.ఎ.లో శబ్దం రాదు. ఇయర్‌ఫోన్ రంధ్రమున్న ఎడాప్టరు తీసుకొంటే అక్కడనుండి యాంప్లిఫయరుకు వైరు ఇవ్వవచ్చు.

4. లాప్‌టాప్‌కు టైప్-సి రంధ్రమే ఉంటే, అది బొమ్మను పంపగలదో లేదో ముందే విచారించండి. అన్ని టైప్-సి రంధ్రాలూ పంపవు.

బిగించిన తరువాత బొమ్మ రాకపోతే కంగారుపడవద్దు. ప్రొజెక్టరులో "సోర్స్" బటన్ నొక్కి వి.జి.ఎ. లేక కంప్యూటర్ అని ఎంచండి. విండోస్ లాప్‌టాప్‌లో విండోస్ గుర్తుతో పాటు "పి" నొక్కి "డూప్లికేట్" ఎంచండి. అప్పటికీ రాకపోతే బొమ్మ కొలతను 1024×768కు తగ్గించండి. నకలు తీయకుండా రక్షణ పెట్టిన కొన్ని సినిమాలు మాత్రం ఈ దారిన కనబడవు. మనం టైపు చేసుకొన్న కీర్తనలకు ఆ ఆటంకం లేదు. ఇదంతా శనివారమే సరిచూసుకోండి. ఆరాధనవేళ వైర్లతో పెనుగులాడితే సంఘస్థుల మనస్సు ప్రార్థనపై నిలువదు.

ఎడాప్టరు పెట్టినా దీపం మసకబారి అక్షరాలు కనబడకుంటే, అది వేరే సంగతి. అప్పుడు కొత్తదానిని గురించి ఆలోచించవచ్చు.

అయిదువేలమందికి ఆహారమిచ్చిన ప్రభువు మిగిలిన ముక్కలను సహితం పోగుచేయించాడు (యోహాను 6వ అధ్యాయం). సమృద్ధి ఉన్నచోటనే ఆయన వ్యర్థపరచనీయలేదు. మన కానుకల పెట్టెలో కూలి చేసుకొనే తల్లుల రూపాయలున్నవి. వాటిలో మిగిలినది సంఘంలోని ఒక బిడ్డ ఫీజుకో, ఒక రోగి మందులకో ఉపయోగపడితే, అదియు ఆరాధనలో భాగమే.