బెంచి కాలానికి జీతం

కావలి, కోవూరు, ముత్తుకూరు వంటి నెల్లూరు తీరపు ఊళ్ల నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు చేరే యువ ఇంజినీర్లలో పలువురు, తాము రోజూ పనిచేసే సంస్థకు కాక, తమను దానికి గంటల లెక్కన సమకూర్చే కాంట్రాక్టు కంపెనీకి ఉద్యోగులు. ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరికే వరకు వేచివుండే వ్యవధిని ఆ రంగంలో ‘బెంచి’ అంటారు, జీతం ఆగిపోతుందేమోనన్న వారి భయమంతా ఆ చిన్న మాటలోనే ఉంది. హెచ్‌-1బీ వీసాపై కంపెనీలు తెచ్చుకున్న విదేశీ ఉద్యోగులకు పని చూపలేకపోయినా జీతం చెల్లించి తీరాలని అమెరికా 1998లోనే చట్టం చేయగా, గుత్తేదారు వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలన్న 2025 వరకు అమల్లో ఉన్న మన 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ఈ ఖాళీ కాలాన్ని ఊహించనే లేదు. సముద్రంలో వేట నిషేధించే 61 రోజులకు మత్స్యకారులకు భృతి న్యాయమని అంగీకరించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, బెంచి కాలపు జీతాన్ని కంపెనీలకు తప్పనిసరి చేయించేందుకు పూనుకోవాలి.